అరగలేదు సరే, ముదిరిందేమో!

హైదరాబాద్‌లో కాస్త పాత అపార్ట్‌మెంట్ దేనికైనా వెళ్లి సెల్లార్‌లోకి దిగి చూడండి. ఏదో ఒక మూల కవర్ కప్పిన కారు ఒకటి కనబడుతుంది. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో ఏడెనిమిదేళ్ల కిందట అమ్మానాన్నల కోసం కొనిచ్చిన కారు. గుడికి, డాక్టర్ దగ్గరికి, ఊళ్లోనే జరిగే పెళ్లిళ్లకి తప్ప బయటికి రాదు. మీటర్‌లో ఇరవై వేల కిలోమీటర్లు కూడా దాటి ఉండవు. టైర్లు నల్లగా, నిండుగా ఉంటాయి. గాడిలో వేలు పెడితే లోతు తెలుస్తుంది.

అలాంటి కారు సర్వీసింగ్‌కి వెళ్తే, అక్కడి కుర్రాడు చక్రం పక్కన గొంతుకూర్చుని లేచి, "అంకుల్, నాలుగు టైర్లూ మార్పించెయ్యండి" అంటాడు.

"అదేంటి బాబూ, బొత్తిగా అరగనే లేదు కదా!"

"అరగలేదంకుల్. డేట్ అయిపోయింది."

మందులకి డేటుంటుంది, పాల ప్యాకెట్‌కి డేటుంటుంది. టైరుకి డేటేమిటి? ఇరవై వేలు గుంజడానికి వేసిన ఎత్తు కాదు గదా అని పెద్దాయన అనుమానం. అనుమానించడంలో తప్పులేదు. టైరు అమ్మేవాడే టైరు మార్చమంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అయితే కుర్రాడి మాటలో నిజం లేకపోలేదు. టైరు రోడ్డు మీద తిరిగి అరుగుతుంది, నిలబడ్డచోట నిలబడే ముదురుతుంది. అరుగుదల కంటికి కనబడుతుంది. ముదరడం చాలాసార్లు కనబడదు. తక్కువ తిరిగిన కారుకి రెండోదానితోనే ముప్పు.

పక్క గోడ మీద పుట్టిన వారం

ముందు టైరు వయసు ఎలా తెలుసుకోవాలో చూద్దాం. టైరు పక్క గోడ మీద 'డీఓటీ' అన్న మూడు ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే ఒక పొడుగాటి వరస ఉంటుంది. అమెరికా రవాణా శాఖ పేరులోని పొడి అక్షరాలవి. ఆ వరస చివర ఉండే నాలుగంకెలే మనకి కావలసినవి. మొదటి రెండూ ఏడాదిలో ఎన్నో వారమో చెబుతాయి, తర్వాతి రెండూ ఏ సంవత్సరమో చెబుతాయి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో ఫ్యాక్టరీ నుంచి బయటపడ్డ టైరని అర్థం. 2000కి ముందు మూడంకెలే ఉండేవి. అది ఏ దశాబ్దమో ఆ అంకెల్లో తెలిసేది కాదు.

కొన్ని కార్లకి బయటివైపు ఎంత వెతికినా ఈ అంకెలు దొరకవు. పూర్తి వరస టైరుకి ఒకవైపే అచ్చయి, బిగించినప్పుడు ఆ వైపు లోపలికి వెళ్లిపోయి ఉంటుంది. ఈసారి పంక్చర్ షాపులో కారు జాకీ మీద లేచినప్పుడు ఫోన్ లైటు వేసి లోపలివైపు కూడా చూడండి. నాలుగింటినీ విడివిడిగా చూడాలి. మధ్యలో ఎప్పుడో ఒకటి మార్చి ఉంటే దాని వయసు వేరు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకైతే ఇది మంచి ఆయుధం. 2021 మోడల్ కారుకి 2016 నాటి టైర్లున్నాయంటే, అవి వేరే కారు మీద కొంతకాలం కాపురం చేసి వచ్చాయన్నమాట. మీటర్ రీడింగ్ మీద కూడా అప్పుడొక కన్నేయాలి.

లోపలి నుంచి మొదలయ్యే ముదురు

పచ్చి రబ్బరు ఎండకి జిగురవుతుంది, చలికి బిగుసుకుంటుంది. దాన్ని గంధకంతో కలిపి వేడిచేస్తే సాగి మళ్లీ మామూలుగా అయ్యే గుణం వస్తుందని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుక్కున్నాడు. రబ్బరు అణువుల పొడవాటి గొలుసుల్ని గంధకం అక్కడక్కడా ముడివేసి పట్టుకుంటుంది. నేటికీ ప్రతి టైరూ ఆ ముడుల మీదే బతుకుతోంది. చిక్కేమిటంటే, ఈ పని ఫ్యాక్టరీ అచ్చులో పూర్తిగా ఆగిపోదు. ఏళ్ల తరబడి వేడి, ఆక్సిజన్ తగిలేకొద్దీ కొన్ని గొలుసులు తెగుతుంటాయి, అక్కర్లేని చోట కొత్త ముడులు పడుతుంటాయి. రబ్బరు గట్టిపడి పెళుసెక్కుతుంది. పాతబడిన ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్‌ని ఒకసారి వేళ్లతో వంచి చూసిన ఇల్లాలికి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

బయటి నుంచి తినేవి ఎండ, గాలిలోని ఓజోన్. వీటికి అడ్డుగా కంపెనీలు రబ్బరులో మైనాన్నీ, కొన్ని రక్షక రసాయనాల్నీ కలుపుతాయి. చక్రం తిరుగుతూ, గోడలు వంగుతూ లేస్తూ ఉంటే అవి లోపలి నుంచి మెల్లగా పైకి ఊరి పల్చటి పొరలా నిలుస్తాయి. ఒక్కోసారి మంచి టైరు గోడ మీద కూడా గోధుమరంగు మకిలి కనబడేది అందుకే. అదేదో నాసిరకం అనుకుని రుద్ది రుద్ది కడుగుతుంటారు కొందరు. కడక్కపోయినా ఫర్వాలేదు. నెలల తరబడి కదలని టైరులో ఈ ఊట సరిగా సాగదు. నిలబెట్టి ఉంచిన కారు టైర్ల మీద సన్నపగుళ్లు త్వరగా రావడానికి అదొక కారణం. పైగా బరువంతా ఒకేచోట పడి అడుగుభాగం కాస్త చదునెక్కుతుంది. చాలా రోజులకి కారు తీస్తే మొదటి రెండు మూడు కిలోమీటర్లు దడదడలాడేది దానివల్లే.

పై పగుళ్లు కనీసం కంటికి ఆనతాయి. అసలు కథ లోపల నడుస్తుంది. కారు టైరులో రోడ్డుని తాకే మందపాటి పట్టాని ట్రెడ్ అంటారు. దాని కింద ఉక్కు తీగలతో నేసిన పట్టీలు రెండు, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఆ పట్టీలని ఒకదానికొకటీ, పైనున్న ట్రెడ్‌కీ అంటిపెట్టి ఉంచేది పల్చటి రబ్బరు పొర మాత్రమే. టైరులో 30 పౌండ్ల పైచిలుకు ఒత్తిడితో గాలి బిగించి ఉంటుంది. ఆ గాలి లోపలి పొరని దాటుకుని కొంచెం కొంచెంగా బయటికి జారుతూనే ఉంటుంది. పంక్చర్ లేకపోయినా నెలకోసారి గాలి తగ్గుతోందని మనం విసుక్కునేది ఇందుకే. జారుతున్న గాలిలోని ఆక్సిజన్ దారిలో ఉక్కు పట్టీల అంచుల దగ్గరి రబ్బరుని పట్టుకుంటుంది. అక్కడ ఏళ్ల తరబడి జరిగే పని బయటి నుంచి ఎంత తడిమినా తెలియదు. చివరికి అంటు వదిలేస్తుంది. మంచి ఎండ, మంచి వేగం, కారునిండా జనం, ఈ మూడూ ఒకేరోజు కలిశాయా, ట్రెడ్ పట్టా పట్టాగా ఊడొస్తుంది. టైరు "పేలింది" అని మనం చెప్పుకునేవాటిలో కొన్ని నిజానికి ఇలా ఊడినవే.

రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. చల్లటి దేశంలో పదేళ్లు నిలిచే టైరు మన దగ్గర అన్నేళ్లు నిలవాలని ఎక్కడా లేదు.

ఫీనిక్స్ ఎండలో ఏరిన టైర్లు

ఈ విషయం మీద ప్రపంచానికి పట్టు చిక్కింది ఒక పెద్ద దుర్ఘటనల పరంపర తర్వాత. 1990ల చివర్లో అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలకి బిగించిన ఫైర్‌స్టోన్ టైర్ల ట్రెడ్ ఊడిపోయి, బండ్లు పల్టీలు కొట్టడం మొదలైంది. 2000 ఆగస్టు 9న కంపెనీ దాదాపు 65 లక్షల టైర్లని వెనక్కి పిలిచింది. ఆ టైర్లతో ముడిపడ్డ మరణాలు 271 అని చివరికి ప్రభుత్వం లెక్కతేల్చింది. అక్కడ ప్రధాన దోషం టైరు తీరుది, తయారీది. వయసుది కాదు. కానీ దర్యాప్తు చేసినవాళ్లని ఒక సంగతి వదల్లేదు. ప్రమాదాలు దేశమంతా ఒకేలా లేవు. టెక్సస్, ఫ్లోరిడా, అరిజోనా లాంటి ఎండ రాష్ట్రాల్లో గుంపుకట్టి ఉన్నాయి.

అదే ఏడాది అమెరికా కాంగ్రెస్ టైర్ల భద్రత మీద కొత్త చట్టం చేసింది. తర్వాత అక్కడి ట్రాఫిక్ భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2003లో అరిజోనాలోని ఫీనిక్స్ నగరానికి వెళ్లి, జనం వాడుతున్న టైర్లని వాళ్ల కార్ల మీంచే సేకరించింది. ఫీనిక్స్‌లో వేసవి మన నల్లగొండ వేసవికేం తీసిపోదు. ఆ టైర్లని కోసి లోపలి రబ్బరుని లాగి, సాగదీసి పరీక్షిస్తే, ఏళ్లు పెరిగేకొద్దీ ఉక్కు పట్టీల మధ్య రబ్బరు బిరుసెక్కి, పట్టు తగ్గుతోందని తేలింది. ఒక్క కిలోమీటరు కూడా సరిగా తిరగని స్పేర్ టైర్లలో సైతం ఆ జాడలు కనిపించాయి. తర్వాత ప్రయోగశాలలో ఇదే ముదురుని తొందరగా రప్పించడానికి, టైర్లలో సగం ఆక్సిజన్, సగం నైట్రోజన్ నింపి 65 డిగ్రీల వేడి పెట్టెల్లో వారాల తరబడి ఉంచారు. లోపలి ఆక్సిజనే దొంగ అని ఆ ప్రయోగం పద్ధతే చెబుతోంది.

అదే సంస్థ 2007లో కాంగ్రెస్‌కి ఇచ్చిన నివేదికలో ఒక పెద్ద బీమా కంపెనీ లెక్కలున్నాయి. 2002 నుంచి 2006 దాకా ఆ కంపెనీ పాలసీదారుల్లో 27 శాతం మంది ఐదు ఎండ రాష్ట్రాల వాళ్లు. టైర్లకి సంబంధించిన క్లెయిములు మాత్రం 77 శాతం ఆ ఐదింటి నుంచే వచ్చాయి. వాటిలో 84 శాతం ఆరేళ్లు దాటిన టైర్లవి. ఆరేళ్ల టైరు వయసు మీదపడి, అరిగి కూడా ఉంటుంది కాబట్టి నేరమంతా వయసు నెత్తిన రుద్దలేం. కానీ ఎండకీ వయసుకీ ఉన్న పొత్తు ఆ అంకెల్లో దాగలేదు.

ఇంత చదివి అమెరికాలో టైర్లకి వయసు పరిమితి పెట్టేశారనుకుంటారేమో. పెట్టలేదు. టైర్ల పరీక్షలు కఠినం చేశాక, గాలి తగ్గితే హెచ్చరించే పరికరాలు కార్లలో తప్పనిసరి చేశాక టైరు ప్రమాదాలు బాగా తగ్గాయనీ, వయసుకి వేరే నిబంధన అక్కర్లేదనీ 2014లో ఆ సంస్థే తేల్చింది. "ఆరేళ్లు దాటితే చట్టవిరుద్ధం" అని భయపెట్టే సేల్స్‌మన్‌కి ఈ ముక్క గుర్తుచేయొచ్చు.

బ్రిటన్ దారి వేరు. 2012 సెప్టెంబరులో ఒక సంగీతోత్సవం నుంచి పిల్లల్ని తీసుకొస్తున్న బస్సు దక్షిణ ఇంగ్లండ్‌లో చెట్టుని గుద్దుకుంది. డ్రైవరుతో సహా ముగ్గురు చనిపోయారు. ముందు టైరు పేలిందని, దాని వయసు పంతొమ్మిదిన్నరేళ్లని దర్యాప్తులో బయటపడింది. గాడుల లోతు చట్టం ఒప్పుకునేంత ఉంది. ఆ టైరు బస్సు కంటే పాతది. చనిపోయిన 18 ఏళ్ల కుర్రాడి కంటే కూడా పెద్దది. ఆ కుర్రాడి తల్లి ఏళ్ల తరబడి పార్లమెంటు చుట్టూ తిరిగింది. 2021 ఫిబ్రవరి 1 నుంచి అక్కడ లారీలు, బస్సుల ముందు చక్రాలకి పదేళ్లు దాటిన టైర్లు నిషిద్ధం. సొంత కార్లకి మాత్రం ఆ చట్టం వర్తించదు.

నీడపట్టున దాచుకునే ఖరీదైన కార్లకీ ఇదే గతి. హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ 2013 నవంబరులో కారు ప్రమాదంలో చనిపోయినప్పుడు, ఆయన ప్రయాణిస్తున్న పోర్షే కారు టైర్లు తొమ్మిదేళ్ల నాటివని దర్యాప్తు అధికారులు నమోదు చేశారు. అసలు కారణం విపరీతమైన వేగమేనని తేల్చారు. అంత వేగంలో కొత్త టైర్లయినా కాపాడేవని ఎవరూ అనలేరు.

మన ఎండ, మన రూలు

మే నెలలో రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వార్తల్లోకెక్కేది 45 డిగ్రీలు దాటాకే. గాలి వేడే అంతుంటే తారురోడ్డు వేడి 60 దాటుతుంది. దాని మీద పరుగెత్తే టైరు లోపలి వేడి ఇంకా ఎక్కువ. ఈ లెక్కన ఫీనిక్స్ పాఠం లండన్ కంటే మనకే దగ్గర.

మన చట్టం మాత్రం ఇంకా గాడుల లోతు దగ్గరే ఆగి ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 94వ రూలు ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, టూవీలర్లకి, ఆటోలకి 0.8 చాలు. గాడుల మధ్య అక్కడక్కడా చిన్న దిమ్మెలుంటాయి. ట్రెడ్ అరిగి వాటి మట్టానికి వస్తే టైరు పని అయిపోయినట్టే. వయసు ఊసు ఈ రూల్లో లేదు. కరీంనగర్, జగిత్యాల నుంచి గల్ఫ్‌కి వెళ్లి డ్రైవర్లుగా చేసినవాళ్లని అడగండి, వేరే కథ చెబుతారు. దుబాయ్‌లో ఏటేటా కారు రిజిస్ట్రేషన్ పరీక్షకి వెళ్తే టైరు మీద తేదీ చూస్తారు. ఐదేళ్లు దాటితే పాస్ చేయరు. ఎడారి ఎండ వాళ్లకి నేర్పిన పద్ధతది.

కోర్టులు ఈ మధ్య మాటకి పదును పెట్టాయి. 2010లో జరిగిన ఒక ప్రమాదంలో నష్టపరిహారం కట్టాల్సి వచ్చిన బీమా కంపెనీ, టైరు పేలడం దైవకృత్యమని, తమకి బాధ్యత లేదని బొంబాయి హైకోర్టులో వాదించింది. 2023లో కోర్టు ఆ వాదనని తోసిపుచ్చింది. టైరు పేలడానికి అతివేగం, గాలి ఎక్కువ తక్కువలు, సెకండ్ హ్యాండ్ టైర్లు, వేడి లాంటి కారణాలుంటాయనీ, బయల్దేరే ముందు టైర్ల సంగతి చూసుకోవడం నడిపేవాడి పనేననీ చెప్పింది. బీమా కంపెనీలకి ఇష్టం లేని తీర్పే గానీ, కారు యజమానులకి కూడా అందులో చురక ఉంది.

అయితే మార్చాల్సింది ఎన్నేళ్లకి?

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఫోర్డ్, మెర్సిడెస్ బెంజ్ లాంటి కార్ల కంపెనీలు గాడులెలా ఉన్నా ఆరేళ్లకి టైరు మార్చమంటాయి. మిషెలిన్ లాంటి టైర్ల కంపెనీలేమో ఐదేళ్లు దాటాక ఏటా తెలిసినవాళ్లతో తనిఖీ చేయించుకోమని, ఎంత బాగున్నా పదేళ్లకి తీసేయమని చెబుతాయి. టైరు అమ్ముకునేవాడు పదేళ్లంటున్నాడు, అమ్ముకోనివాడు ఆరేళ్లంటున్నాడు! ఇదంతా టైర్ల వ్యాపారుల కుట్ర అనేవాళ్ల వాదన ఇక్కడ కాస్త నీరుగారిపోతుంది. కార్ల కంపెనీల భయం వేరు. పల్టీ కొడితే పేపర్లో పడేది కారు పేరే కదా.

ఆరు అనే అంకెకి శాస్త్రం వేసిన గట్టి ముద్ర ఏదీ లేదు. ఐదేళ్ల పదకొండు నెలలకి భద్రం, మర్నెలకి ప్రాణాంతకం అని రబ్బరు అనుకోదు. అందుకే కారు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ తిరుగుతుంది అన్నదాన్ని బట్టి తేల్చుకోవడమే తెలివి. ఏడాది పొడవునా ఎండలో నిలబడి, నెలకి రెండుసార్లు హైవే ఎక్కే కారైతే ఆరేళ్లకి మార్చేయడంలో పెద్ద ఆలోచన అక్కర్లేదు. సెల్లార్ నీడలో ఉండి, ఊళ్లోనే నలభై యాభై వేగంలో తిరిగే కారైతే, ఏటా చక్రాలు విప్పించి చూపించుకుంటూ ఎనిమిదేళ్ల దాకా నెట్టుకురావచ్చని నా అభిప్రాయం. ఎనిమిది దాటిన టైర్లతో మన వేసవిలో దూరప్రయాణం వద్దు. పదేళ్లు దాటితే వాదనలు అనవసరం, గాడిలో వేలు మునిగినా సరే.

ఏటా చూపించుకునేటప్పుడు ఏం చూడాలి? గోడల మీద వెంట్రుకల్లాంటి గీతలుంటే కంగారు పడక్కర్లేదు, గమనిస్తూ ఉండండి. పగులులో గోరు దిగితే మార్చాల్సిందే. గాడుల అడుగున పగుళ్లు కనిపించినా అంతే. గోడ మీద ఎక్కడైనా ఉబ్బు ఉంటే అది లోపలి దారాలు తెగిన గుర్తు. ఆ టైరు కొత్తదైనా ఒక్కరోజు కూడా నమ్మకూడదు. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించినా స్టీరింగ్‌లో అదురు పోకపోతే, ఒక వేగం దగ్గర కొత్తగా దడ మొదలైతే ట్రెడ్ లోపల వదులవుతోందేమో అనుమానించాలి. అన్నట్టు, చూపించేముందు టైర్ పాలిష్ పూయించకండి. ఆ మెరుపు కింద సన్నపగుళ్లు ఎంచక్కా దాక్కుంటాయి. సెకండ్ హ్యాండ్ కార్ల షాపుల్లో టైర్లన్నీ పెళ్లికొడుకుల్లా ఎందుకు నిగనిగలాడతాయో ఇక చెప్పాలా?

వీటన్నిటికంటే ముందు గాలి. ముదిరిన టైరుని త్వరగా చంపేది, కొత్త టైరుని త్వరగా ముదిర్చేది కూడా తక్కువ గాలే. గాలి తగ్గితే గోడలు ఎక్కువగా వంగి, ఆ రాపిడికి లోపల వేడి పుడుతుంది. ఎంత ఉండాలో డ్రైవర్ వైపు తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడే కొలిపించాలి. పెట్రోల్ బంకులో కుర్రాడు "ఎంత పెట్టాలన్నా?" అని అడిగితే "నువ్వే చూసి పెట్టు" అనే అలవాటు మానుకోవాలి.

ఏడాదంతా నిద్ర, సంక్రాంతికి పరుగు

తక్కువ తిరిగే కారుకి ఇంకో చిక్కుంది. అది తిరిగే ఆ కాస్తా టైరుకి కఠినమైన తిరుగుడే. ఏడాదంతా సెల్లార్‌లో నిద్రపోయిన కారు సంక్రాంతికి ఐదుగురినీ, అరిసెల డబ్బాలతో సహా డిక్కీ నిండా సామాన్లనీ ఎక్కించుకుని విజయవాడ హైవే మీద పరుగులు తీస్తుంది. పంతంగి టోల్‌ప్లాజా దాటేదాకా నత్తనడక. దాటాక, పోయిన టైమంతా లాగేయాలని వంద పైన వేగం. జనవరి చలి కొంత కాపాడుతుంది. అదే కారు మేలో, మిట్టమధ్యాహ్నం, తిరుపతి దారిలో ఉంటే ఆ దయ కూడా ఉండదు. రోజూ తిరిగే ట్యాక్సీ టైరు మూడేళ్లలో అరిగిపోతుంది కాబట్టి ముదిరే తీరికే దానికి దొరకదు. ఈ గొడవంతా మనలాంటి తక్కువ తిరిగేవాళ్లది.

ఎన్నారై పిల్లలు సెలవుల్లో వచ్చి నాన్నగారి కారు తాళాలు అందుకుని, నేరుగా శ్రీశైలమో అరకో బయల్దేరుతుంటారు. విదేశీ రోడ్లకి అలవాటైన వేగంతోనే నడుపుతారు. తాళాలు తీసుకునే ముందు ఆ నాలుగంకెలు చదివితే బాగుంటుంది.

స్టెప్నీ సంగతి అందరూ మరిచిపోతారు. డిక్కీలో అడుగున, కొన్ని పెద్ద బండ్లలో అయితే బయట చాసీ కింద వేలాడుతూ, రోడ్డు వేడంతా తింటూ ఉంటుంది. నాలుగు టైర్లు మార్చి, "స్టెప్నీ కొత్తదేగా" అని వదిలేస్తారు. అది కారు పుట్టిననాటిది! నాలుగు మార్చే సందర్భంలో పాతవాటిలో మెరుగైనదాన్ని స్టెప్నీగా ఉంచమని చెప్పేవాళ్లున్నారు. ఎనిమిదేళ్ల టైరు డిక్కీలోకి మారినంత మాత్రాన చిన్నదైపోదు. వాడాల్సి వస్తే మెల్లగా దగ్గరి షాపు దాకా వెళ్లడానికే. 2020 నుంచి టైరు ఒత్తిడి హెచ్చరిక పరికరం, పంక్చర్ కిట్ ఉన్న చిన్న వాహనాలకి స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని కేంద్రం అనుమతించింది. కొత్త కారు కొనేవాళ్లు డిక్కీ ఎత్తి చూసుకోవడం మంచిది.

నైట్రోజన్ గురించి కూడా అడుగుతుంటారు. ఆక్సిజన్ తక్కువైతే లోపలి ముదురు నెమ్మదిస్తుందన్నది నిజమే, ప్రయోగశాలలో అది కనిపించింది కూడా. కానీ మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. ఒకసారి నైట్రోజన్ నింపించి, తర్వాత బంకు గాలి కలుపుతూ పోతే లాభమంతా కలిసిపోతుంది. నైట్రోజన్ కోసం ఎదురుచూస్తూ తక్కువ గాలితో నెల తిరగడం కంటే మామూలు గాలి సరిగ్గా ఉండటం మేలు.

కొత్తవి కొనేటప్పుడు, పాతవి ఇచ్చేటప్పుడు

కొత్త టైరు బిల్లు కట్టేముందు దాని నాలుగంకెలు కూడా చూడాలి. చల్లటి, చీకటి గోదాములో, గాలి బిగించకుండా ఉన్న టైరు నెమ్మదిగానే ముదురుతుంది కాబట్టి ఐదారు నెలల పాతదైతే దిగులు లేదు. ఏడాది దాటినది తక్కువకి ఇస్తామంటే, ఆ తగ్గింపు మీకు మిగిలిన ఆయుష్షుకి సరిపోతుందో లేదో లెక్కేసుకోండి. షాపు ముందు ఎండలో దొంతరగా పేర్చినవాటి జోలికి పోకపోవడమే మంచిది. టైర్లు దూరం నుంచి రావాల్సిన పని కూడా లేదు. సదాశివపేటలో ఎంఆర్ఎఫ్, తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో ఫ్యాక్టరీలు మన దగ్గరే తయారు చేస్తున్నాయి. చిన్న కారుకి నాలుగు టైర్లంటే సైజునీ కంపెనీనీ బట్టి పదిహేను వేల నుంచి పాతిక వేల దాకా అవుతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. వాయిదా వేస్తూ వచ్చినవాళ్లకి అదొక సాకు. డబ్బు సర్దుబాటు కాక రెండే మారుస్తుంటే కొత్తవి వెనక చక్రాలకి వేయించండి. ముందుకి వేయాలని షాపులో చాలామంది పట్టుబడతారు. తడి రోడ్డు మీద ముందు టైరు జారితే బండి నేరుగా పోతుంది, బ్రేకు నొక్కి ఆపుకోవచ్చు. వెనక టైరు జారితే బండి తిరిగిపోతుంది, దాన్ని దారిలో పెట్టడం మనలాంటివాళ్లకి సాధ్యం కాదు.

ఇక పాత టైర్లు. ఒకప్పుడు మన ఊళ్లలో టైరు చచ్చాక కూడా చాలా బతుకులు బతికేది. ఎడ్లబండికి చక్రమయ్యేది, రైతు కాళ్లకి చెప్పులయ్యేది, విశాఖ, కాకినాడ రేవుల్లో పడవలకి దెబ్బ తగలకుండా గోడలకి వేలాడేది, పిల్లల చేతిలో కర్రతో దొర్లేది. ఇప్పుడు ఎక్కువగా రెండు చోట్ల తేలుతోంది. ఒకటి భోగిమంట. టైర్లు కాల్చవద్దని కాలుష్య నియంత్రణ మండళ్లు పండగ ముందు విజ్ఞప్తులు చేస్తున్నా, తెల్లవారుజామున ఆ నల్లపొగ వాసన పట్టణాల్లో ఇంకా వస్తూనే ఉంది. పిడకలకి, పాత కలపకి పెట్టిన పండగ అది, గంధకం నింపిన రబ్బరుకి కాదు. ఇంటి వెనక పడేస్తే వాన నీళ్లు నిలిచి డెంగీ దోమకి ఉయ్యాలవుతుంది. 2022 నుంచి పాత టైర్ల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యతని తయారీదారుల మీదే పెట్టారు గానీ, ఆ గొలుసు మన వీధి చివరి షాపు దాకా సరిగా చేరలేదు.

రెండోది ఇంకా ప్రమాదం. బాగా కనిపించే పాత టైరు షాపులో వదిలేస్తే, పాలిష్ పూసుకుని మళ్లీ రోడ్డెక్కుతుంది. అరిగినవాటికి వేడి కత్తితో కొత్త గాడులు చెక్కి అమ్మేవాళ్లూ ఉన్నారు. కొనేది ఎవరు? కొత్తవి కొనే స్తోమత లేని ట్రాలీ ఆటో డ్రైవరో, పాత వ్యాన్‌లో బడిపిల్లల్ని తిప్పే మనిషో. మీ కారుకి పనికిరాదని మీరు తీసేసిన టైరు వాళ్లకి మాత్రం ఎలా పనికొస్తుంది? అందుకే పాతవి అప్పగించేటప్పుడు మీ ఎదురుగానే పక్క గోడని కోయించండి. షాపువాళ్లు ముఖం చిట్లించుకుంటారు. దాని మీద వచ్చే నాలుగు రూపాయలు పోతాయి కదా మరి. కొత్త టైర్ల బేరం కుదిరి, డబ్బు చేతికివ్వక ముందే ఈ మాట అడిగితే కాస్త తేలిగ్గా ఒప్పుకుంటారు.